లోపల వదిలిన గుడ్డ

కిందటి వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మధురవాడలో మా అద్దె ఇంటి ముందుగదిలో కూర్చుని మా అమ్మ పాత జాకెట్టు కుట్లు విప్పుతున్నాను. అమ్మ పెళ్ళిచీర మీది జాకెట్టు అది. ముదురు ఎరుపు. చీర మడతల దగ్గర చిరిగిపోయింది. బాగున్న భాగం కత్తిరించి నాకొక లాంగ్ ఫ్రాకు కుట్టుకోవాలనీ, జాకెట్టు చేతుల మీది జరీ అంచు తీసి దాని మెడకు వేసుకోవాలనీ నా ఆలోచన. కుట్టుపని మొదలుపెట్టి అప్పటికి నాలుగు నెలలే అయింది.

పక్క కుట్టు విప్పేసరికి లోపలి మడతలో రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ బయటపడింది. ఎండా చెమటా తగలని ఆ కాస్త మేరా రంగు కొత్తగానే ఉంది. దాని మీద సన్నగా, వరసగా సూది పొడిచిన చుక్కలు. ఒక్క వరస కాదు, నాలుగు. ఒకదాని పక్కన ఒకటి, పొలంలో చాళ్ళలాగా. ఎందుకో అర్థంకాక అమ్మకు ఫోన్ చేశాను.

"ఎందుకే ఆ పాత జాకెట్టు ఇప్పుడు?" అని విసుక్కుంటూనే చెప్పింది. "మొదటిది పెళ్ళప్పటి కుట్టు. నువ్వు పుట్టాక ఒకటి విప్పాను. తమ్ముడు పుట్టాక ఇంకొకటి విప్పాను. అన్నిటికన్నా లోపలున్నది ఆపరేషనయ్యాక చిక్కిపోయాను కదా, అప్పుడు పట్టింది."

గుడ్డ చూడకుండా, ఫోన్లో, తన ఇరవై ఏళ్ళ జీవితాన్ని అమ్మ ఆ నాలుగు వరసల్లో చదివి చెప్పింది. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నాకు అది చదవడం రాలేదు.

నా పరిశోధన ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల స్త్రీల పత్రికల మీద. 1902లో మొదలైన 'హిందూసుందరి' నుంచి 1928లో కె.ఎన్.కేసరి ప్రారంభించిన 'గృహలక్ష్మి' దాకా దొరికినంత మేరా చదివాను. స్త్రీలు ఏం రాశారు, ఏ గొంతుతో రాశారు, ఎవరికి జవాబుగా రాశారు అన్నవి నా ప్రశ్నలు. వ్యాసం, కథ, ఉత్తరం, పద్యం, ఉపన్యాసం అన్నీ నోట్సు రాసుకున్నాను. ఇల్లు సర్దుకోవడం గురించో, కుట్లు అల్లికల గురించో ఏదైనా తగిలితే మాత్రం పేజీ తిప్పేశాను. నా ఫైళ్ళ అంచున పెన్సిలుతో "గృహవిజ్ఞానం, అక్కర్లేదు" అని రాసి ఉంది. స్త్రీవాద పరిశోధన చేస్తున్నాననే నమ్మకంతోనే ఆ మాట రాశాను. ఈ వ్యాసం ఒక రకంగా ఆ పెన్సిలు రాతను చెరుపుకునే ప్రయత్నం.

నేను కుట్టుపని మొదలుపెట్టడానికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు. దుకాణంలో కొన్న ఏ డ్రెస్సూ నాకు సరిపోదు. భుజం సరిపోతే నడుం దగ్గర వేలాడుతుంది, నడుం సరిపోతే చంక దగ్గర పట్టేస్తుంది. చిన్నప్పటి నుంచీ తప్పు నా ఒంటిదనే అనుకుంటూ వచ్చాను. ముప్ఫై దాటాక గానీ తప్పు కొలతదేమో అన్న అనుమానం రాలేదు. అమ్మ దగ్గర మూలపడి ఉన్న పాత ఉషా మిషను ఆటోలో కంచరపాలెం నుంచి మధురవాడ తెచ్చుకున్నాను.

మధురవాడ ఊరు కాదు, పూర్తిగా నగరమూ కాదు. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు విశాఖలో కలిసింది. ఒకవైపు రుషికొండ ఐటీ కొండలు, ఇంకోవైపు క్రికెట్ స్టేడియం, భీమిలి దారిలో కాస్త ముందుకు వెళితే రెండు వేల ఏళ్ళనాటి తొట్లకొండ బౌద్ధారామం. మధ్యలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డవాళ్ళ అపార్టుమెంట్లు. అలాంటి ఒక వీధిలో మా ఇల్లు. మిషను వచ్చేదాకా నా కంటికి ఆనని సంగతి ఒకటుంది. మా వీధిలో, దాని పక్క వీధిలో కలిపి ఏడు ఇళ్ళ కిటికీలకు చిన్న అట్టముక్కలు వేలాడుతున్నాయి: 'ఫాల్, పీకో చేయబడును', 'జాకెట్లు కుట్టబడును'. ఏడింటిలోనూ కుట్టేది ఆడవాళ్ళే. ఒక్క అట్టమీదా ఆ మనిషి పేరు లేదు. 'కుట్టబడును', అంతే. ఎవరిచేత అన్నది వ్యాకరణంలోనే మాయమైంది.

ఆ ఏడుగురిలో ఒకామె నాకు గురువు. యలమంచిలి వైపు నుంచి వచ్చింది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను అమ్మా అంటుంది. మొదటి నెలంతా నేను చేసినవి తప్పులే. గుడ్డ తడిపి ఆరేయకుండా కోశాను, ఉతికితే కుంచించుకుపోయింది. రెండు చేతులూ ఒకే భుజానికి సరిపోయేలా కత్తిరించాను. మిషను తొక్కుతుంటే చక్రం వెనక్కి తిరిగి దారం తెగేది. మెడ పట్టీని ఐమూలగా కోయాలని తెలియక నిలువుగా కోస్తే అది మెడ చుట్టూ తిరగనని మొరాయించింది. అక్క నవ్వి, "సదువుకున్నోరు గదమ్మా, ముందు ఇప్పడం నేర్సుకోండి. కుట్టడం తరవాత వొస్తాది" అంది. ఒక పాత గుడ్డ తెచ్చి నా ఒళ్ళో వేసి చేతికి అర బ్లేడు ఇచ్చింది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క కలిపారో విప్పేటప్పుడే తెలుస్తుంది. ఆఖరు కుట్టు ముందు ఊడుతుంది, మొదటి కుట్టు చివరికి మిగులుతుంది. చరిత్ర చదవడమూ ఈ వరసలోనే కదా అనిపించింది.

ఆ వరసలోనే వెనక్కి వెళ్దాం.

మన దగ్గర కుట్టుబట్ట స్త్రీల విషయంలో ఎన్నడూ ఉత్త బట్ట కాదు. కుట్టిన గుడ్డ మడికి పనికిరాదన్నది ఆచారం పాటించే ఇళ్ళలో చాలాకాలం నడిచిన నియమం. ఆ ఇళ్ళలోనే భర్త పోయిన స్త్రీకి తల గొరిగించడంతో పాటు రవికా తీయించేవారు. అంటే రవిక ఉండటం, లేకపోవడం ఆమె ఇష్టానికి సంబంధించింది కాదు. ఇక పొలాల్లో పనిచేసే కులాల స్త్రీల సంగతి వేరు. మా ముత్తవ్వ తరంలో చాలామందికి చీరే చీర, చీరే రవిక అని అమ్మమ్మ చెప్పేది. అమ్మమ్మ తొడిగింది ముందువైపు ముడివేసుకునే రవిక, గుండీలు కాజాలు లేనిది, చేత్తో కుట్టుకున్నది.

ఇది మన ఒక్కరి కథ కాదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే 1859లో రాజ ప్రకటన వచ్చింది. అందులోనూ పైకులాల స్త్రీల తీరులో కప్పుకోకూడదన్న షరతు ఉంది. ఇంచుమించు అదే కాలంలో, 1860లలో, ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి భర్త ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్ళి, పార్సీ స్త్రీలను చూసి, చీర కింద జాకెట్టూ లంగా వేసుకునే పద్ధతిని బెంగాల్ భద్రలోకానికి అలవాటు చేసింది. ఒకచోట జాకెట్టు తిరుగుబాటు, మరొకచోట మర్యాద. రెండూ ఇంచుమించు ఒకే కాలపు వార్తలు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా "ఆధునిక స్త్రీ రూపొందడం" గురించి నేను వంద పేజీల అధ్యాయం రాశాను.

మరి ఈ గుడ్డలు కుట్టింది ఎవరు? వృత్తిగా కుట్టినది మగవాళ్ళు. తెలుగు ప్రాంతాల్లో మేర లేదా చిప్పోళ్ళు అనే కులానికి ఇది కులవృత్తి. పట్నాల్లో ముస్లిం దర్జీలూ ఉండేవారు. స్త్రీలు కుట్టింది ఇంట్లో, చేత్తో. బొంతలు, పిల్లల జుబ్బాలు, చిరుగులకు మాసికలు. డబ్బు తెచ్చే కుట్టు వృత్తి అయింది. డబ్బు మిగిల్చే కుట్టు ఓపిక అయింది.

బొంత దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఇప్పుడు నేను 'వింటేజ్' అని పిలుస్తున్న పనిని మన ఇళ్ళలో ఏ పేరూ లేకుండా ఎప్పటినుంచో చేస్తున్నారు. ఒక నేతచీర జీవితం చూడండి. కొన్నాళ్ళు పండగలకు కడతారు, తర్వాత ఇంట్లో. అంచు పోతే కూతురికి పరికిణీ. ఇంకా మెత్తబడితే చంటిబిడ్డకు ఉయ్యాల, పొత్తిగుడ్డలు. నాలుగైదు చీరలు కలిస్తే బొంత. మిగిలిన ముక్కలు ముట్టుగుడ్డలు. చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. జరీ చీరలైతే వీధిలోకి వచ్చే జరీ కొనేవాళ్ళకి, మామూలువైతే స్టీలు సామాన్లు అమ్మేవాళ్ళకి. మా ఇంట్లో నీళ్ళ బకెట్టు ఒకప్పుడు అమ్మ చీరలు మూడు. మనిషి పోతే ఒంటిమీది బట్టలు చాకలికి చెందుతాయి. ఇన్ని దారుల్లో అరిగిపోయాక మామూలు స్త్రీల బట్టలు మ్యూజియంలో ఎందుకుంటాయి? అక్కడ ఉన్నవి రాణులవి. ఆధారాలు లేవని చరిత్రకారులు అంటుంటారు. ఆధారాన్ని మనం పూర్తిగా వాడేశాం. పిల్లల్ని చుట్టాం, నెత్తురు తుడుచుకున్నాం, వేడిగిన్నె దించుకున్నాం.

ఇక యంత్రం. 1830లో బార్తెలెమీ తిమొనియే అనే ఫ్రెంచి దర్జీ కుట్టు యంత్రానికి పేటెంటు తీసుకుంటే, తమ కూడు పోతుందని పారిస్ దర్జీలు ఆ యంత్రాలను పగలగొట్టారు. అమెరికాలో 1846లో ఎలియస్ హౌ, 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు పొందారు. సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతి పెట్టి మిషన్లను మధ్యతరగతి ఇళ్ళకు చేర్చింది. ఆ శతాబ్దం ముగిసేలోగా అవి ఇండియాకూ వచ్చాయి. మన దేశానికి వచ్చిన 'చిన్న యంత్రాల' గురించి డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో ఒక పుస్తకం రాశాడు. సైకిలు, టైపురైటరు, బియ్యం మిల్లుతో పాటు కుట్టుమిషను కూడా అందులో ఒక పాత్ర. ఇక్కడ ఆ మిషను ముందు వరండాలో కూర్చున్న దర్జీ ఇంటికి వెళ్ళింది. గృహిణి దగ్గరికి ఆలస్యంగా చేరింది. 1930ల మధ్యలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ 'ఉషా' మిషన్ల తయారీ మొదలుపెట్టాక స్వదేశీ మిషను దొరికింది.

యంత్రాలను వ్యతిరేకించిన గాంధీ ఒక్క యంత్రానికి మినహాయింపు ఇచ్చాడు. అది కుట్టుమిషను. 1924లో రామచంద్రన్ అనే విద్యార్థితో జరిగిన సంభాషణలో, భార్య చేత్తో కుట్టలేక అలసిపోతుంటే చూడలేక, ఆమె మీది ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన చెప్పాడు. కథ బాగుంది. అసలు సింగర్ జీవితం చదివితే అంత ముచ్చటగా ఉండదు. ఒకేకాలంలో ఒకటికి మించిన కాపురాలు, ఇరవైకి పైగా పిల్లలు. అయినా ఆ కథ మనకెందుకు అంత నచ్చిందో ఆలోచించాలి. మగవాడు యంత్రం చేస్తే అది ప్రేమ. ఆ యంత్రం మీద ఆడది రాత్రి రెండింటిదాకా కుడితే దానికి పేరు లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక స్త్రీల సంక్షేమం అనగానే కుట్టుమిషనే ముందుకొచ్చింది. ఎనిమిదేళ్ళకు పెళ్ళై, ఎదిగాక ఆ పెళ్ళిని కాదనుకుని బయటికొచ్చిన దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. చదువు ఆగిపోయిన స్త్రీలకు తక్కువకాలంలో చదువు, దాంతోపాటు చేతిపని అన్నది ఆమె దారి. ఆ దారిలో ఎన్ని వేల జీవితాలు నిలబడ్డాయో తెలిసినవాళ్ళెవరూ దాన్ని తేలిగ్గా తీసెయ్యలేరు. మా అమ్మే ఉంది. పెళ్ళికి ముందు మహిళామండలి కుట్టుకేంద్రంలో ఆరునెలల కోర్సు చేసింది.

కానీ ఆపదలో ఉన్న స్త్రీ అనగానే ప్రభుత్వానికి, దాతకు, రాజకీయ నాయకుడికి కుట్టుమిషను తప్ప మరొకటి ఎందుకు తట్టదు? మన సినిమాల్లో కష్టాల్లో ఉన్న తల్లి మిషను తొక్కుతూ కనపడాల్సిందే. వితంతువుకు మిషను, ఒంటరి స్త్రీకి మిషను, నాయకుడి పుట్టినరోజుకు మిషన్ల పంపిణీ. ఇంటి గడప దాటించకుండా డబ్బు తెప్పించే యంత్రం అదొక్కటే. కుటుంబ మర్యాద చెదరదు, వంట ఆగదు, పిల్లలు కళ్ళముందే ఉంటారు. సంపాదిస్తున్నట్టు ఎవరికీ కనపడదు కూడా.

ఈ కనపడకపోవడం గురించి లోకానికి చెప్పిన పుస్తకం మన తెలుగునేల మీదే పుట్టింది. జర్మన్ స్త్రీవాద సామాజికవేత్త మరియా మీస్ డెబ్భైల చివర్లో పశ్చిమ గోదావరిలో తిరిగి, 1982లో నర్సాపురం లేసు అల్లేవాళ్ళ మీద పుస్తకం ప్రచురించింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాల ద్వారా ఈ అల్లిక ఆ ప్రాంతానికి వచ్చింది. మొదట నేర్చుకున్నవాళ్ళు క్రైస్తవం పుచ్చుకున్న పేద దళిత స్త్రీలు. తర్వాత అది గడప దాటని కులాల ఇళ్ళకు పాకింది. మీస్ వెళ్ళేసరికి లక్షమందికి పైగా స్త్రీలు ఇంటిపనితో పాటు రోజుకు ఆరేడు గంటలు అల్లుతున్నారు. దక్కేది రోజుకు రూపాయి లోపే. లేసు విదేశాలకు ఎగుమతి అవుతోంది. వ్యాపారమంతా మగవాళ్ళ చేతుల్లో. ఇంత జరుగుతున్నా ఆ స్త్రీలు కార్మికులు కారు, 'తీరిక వేళ అల్లుకునే గృహిణులు'. ఘోషాలో కూర్చుని అల్లే స్త్రీలు, కూలికి వెళ్ళే దళిత స్త్రీలకన్నా తమది గౌరవమైన స్థితి అనుకున్నారని, సంపాదన మాత్రం కూలివాళ్ళకన్నా తక్కువని మీస్ గమనించింది. 'గృహిణి' అన్న మాట కూలి తగ్గించే సాధనంగా ఎలా పనిచేస్తుందో చూపించింది. నర్సాపురం క్రోషె లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి వచ్చిన ఆ గుర్తింపు అల్లే చేతికి ఎప్పుడొస్తుంది?

అసాధ్యమేమీ కాదు. 1972లో ఇలా భట్ స్థాపించిన సేవా సంస్థ అహ్మదాబాద్‌లో మిల్లుల గుడ్డముక్కలతో బొంతలు కుట్టే స్త్రీలను కూడగట్టి, వాళ్ళు కార్మికులని వాదించింది. ఇంట్లో కూర్చుని చేసే పనీ పనేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు.

ఇల్లు దాటితే అన్నీ బాగుపడతాయనీ కాదు. విశాఖకు దక్షిణాన అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ ఆధ్వర్యంలో దుస్తుల ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడపిల్లలు బస్సుల్లో అక్కడికి వెళతారు. నెలజీతం, గుర్తింపు కార్డు, తోటివాళ్ళతో కలిసి ప్రయాణం. ఇవి చిన్న విషయాలు కావు. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరొకసారి అక్కడి ఒక దుస్తుల యూనిట్లో విషవాయువు పీల్చి ఆడవాళ్ళు కుప్పకూలిపోయారు. రెండుసార్లూ వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. కనపడే శ్రమకు కూడా రక్షణ ఇంతే.

మా అక్క పెళ్ళికాకముందు ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. "ఆరేళ్ళు నడుంకి ఎలాస్టిక్కే ఏసినానమ్మా. గంటకిన్నని లెక్క. అంతకుముందు ముక్క ఎవులు కుట్టినారో తెల్దు, తరవాత ఎక్కడికెల్తాదో తెల్దు. ఒక్క నిక్కరు మొత్తం కుట్టమంటే అప్పుడు నాకు రాదు" అంది. ఇప్పుడు ఇంటి కిటికీకి అట్ట కట్టుకుని జాకెట్టు మొదటి నుంచి చివరిదాకా కుడుతుంది. సంపాదన అప్పటికన్నా తక్కువ, నిలకడ లేదు. "అయితే ఇది నాను కుట్టిందని సెప్పగల్ను" అంటుంది. అట్టమీద పేరు లేకపోయినా.

ఇంత చరిత్ర పోగేసుకున్నాక నేను మళ్ళీ మా ఇంటికే వచ్చాను. మిషనుతో పాటు అమ్మ ఇచ్చిన సంచిలో ఒక లాంగ్ నోట్సు ఉంది. పేజీలు పచ్చబడ్డాయి. 1996 నుంచి ఉన్నాయి లెక్కలు. నాన్న పోర్టులో కాంట్రాక్టు కూలి. పనిలేని నెలల్లో ఇల్లు ఎలా గడిచేదో చిన్నప్పుడు మేం అడగలేదు. ఆ నోట్సులో ఉంది. 'మేడమీద నర్సమ్మ: ఛాతీ 36, నడుం 30, చెయ్యి 7. ఆది జాకెట్టు ఇచ్చారు. బాకీ 15.' 'టీచరుగారి కోడలు: అయిదో నెల, పక్కన ఎక్కువ వదలాలి.' 'ముసలమ్మగారు: ముందు హుక్కులు, చేతులు పైకి లేవవు.' ఒకచోట, 'ఎడమవైపు తీసేశారు. లోపల పట్టీ. ఎవరితో అనకూడదు.' ఇంకోచోట ఒకామెకు వరసగా మూడుసార్లు 'చేతులు మోచేతి కిందికి' అని ఉంది. అంత ఎండల్లో ఎందుకని అడిగాను. "దెబ్బలు కనపడకుండా" అంది అమ్మ. "అడక్కుండానే తెలుస్తుంది. కొలత తీసేటప్పుడు ఒళ్ళు ముడుచుకుంటారు."

స్త్రీలు తమ శరీరాల గురించి ఎప్పుడు రాయడం మొదలుపెట్టారన్నది నా పరిశోధనలో ఒక ప్రశ్న. జవాబు కోసం గ్రంథాలయాలు తిరిగాను. ఆ ప్రశ్నకు పనికొచ్చే రెండు వందల పేజీలు మా మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

పరిశోధనకు ఫెలోషిప్ దరఖాస్తులో 'తల్లి వృత్తి' అన్నచోట నేను 'గృహిణి' అని రాశాను. నా హాస్టలు ఫీజు, పుస్తకాలు, ఆఖరికి సిద్ధాంతగ్రంథం బైండింగు ఖర్చు కూడా జాకెట్ల డబ్బే. కృతజ్ఞతల పేజీలో 'నన్ను చదివించిన నాన్నకు, ప్రేమనూ ఓర్పునూ ఇచ్చిన అమ్మకు' అని ఉంది. నర్సాపురం గురించి మీస్ రాసింది ఎం.ఏ.లోనే చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. ఆ వాక్యాన్ని మా ఇంటికి వర్తింపజేయడం నాకు తోచలేదు. పితృస్వామ్యం మనకు తెలియని చోట మాత్రమే ఉండదు. మన చక్కని చేతిరాతలో కూడా ఉంటుంది.

పోనీ ఇప్పుడు మార్చి రాద్దామంటే మాట దొరకదు. దర్జీ అంటే మగవాడు. 'లేడీస్ టైలర్' అన్నా మనకు గుర్తొచ్చేది 1986లో వంశీ తీసిన సినిమాలోని మగ దర్జీయే, ఆడవాళ్ళకు కుట్టే మగవాడు. కుట్టే ఆడమనిషిని ఏమంటాం? 'జాకెట్లు కుట్టే ఆవిడ' అంటాం. మగవాడికి వృత్తినామం ఉంది, ఆమెకు ఒక వాక్యం ఉంది.

చివరగా నా 'వింటేజ్' మోజు సంగతి. ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' కథలో చదువుకుని పట్నం చేరిన పెద్దకూతురు, అమ్మమ్మ కుట్టిన బొంతలు గోడకు వేలాడదీస్తానని అడుగుతుంది. ఇంటి దగ్గరే ఉన్న చెల్లెలు వాటిని కప్పుకుని పాడుచేస్తుందని దాని వాదన. తల్లి ఆ బొంతలు చెల్లెలికే ఇస్తుంది. పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ నేను చెల్లెలి పక్షమే. అమ్మ జాకెట్టు ఒళ్ళో పెట్టుకున్నాక తెలిసింది, ఆ పెద్దకూతురిని నేనే. పాతబట్ట నాకు అందం. అమ్మకు అది గతిలేనప్పటి గుర్తు. "మా అమ్మ చీర చింపి నాకు పరికిణీ కుడితే ఏడ్చేదాన్ని, కొత్తగుడ్డ కావాలని. నువ్వు కొత్తవి కొనుక్కోగలిగీ పాతది చింపుతున్నావు" అంది ఒకసారి. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

జాకెట్టు ఏం చెయ్యమంటావని అడిగాను. జరీ అంచు తీయనా, అలాగే దాచనా? "దాచి ఏం చేస్తావు? నీ కొలతకి కుట్టుకుని తొడుక్కో. లోపల గుడ్డ మాత్రం కొయ్యకు" అంది. జరీ ముట్టుకోలేదు. నాలుగు వరసల పక్కన నా కొలతకు ఐదో వరస వేశాను. కాస్త వంకర వచ్చింది. విప్పి మళ్ళీ వేశాను. చీరలో బాగున్న మూడు గజాలతో ఫ్రాకు కూడా పూర్తయింది. ఎడమ భుజం ఇప్పటికీ సరిగ్గా కూర్చోదు. అయినా దాన్నే వేసుకుని క్లాసుకు వెళ్ళాను. సిద్ధాంతగ్రంథాన్ని పుస్తకంగా వేయడానికి తిరగరాస్తున్నాను. పెన్సిలుతో కొట్టేసిన పేజీలన్నీ మళ్ళీ తెప్పించుకుంటున్నాను.

దసరాకి అమ్మ మధురవాడ వచ్చినప్పుడు ఫ్రాకు చూపించాను. రంగు బాగుందనో, నాకు నప్పిందనో అంటుందనుకున్నాను. అమ్మ ముందు దాన్ని తిరగేసింది. కళ్ళజోడు పెట్టుకుని పక్క కుట్లు, చంక, అంచు మడత వేలితో తడిమి చూసింది.

"లోపల ఇంకాస్త వదలాల్సింది" అంది.